ఏం వాసనొస్తుందని అడిగే మా సార్

మొన్న సోమవారం పొద్దున ప్లాంట్‌లో తొట్లకు గాలి కొట్టే బ్లోయర్ ఆన్ చేసి చేతులు కడుక్కుంటుంటే మా బ్యాచ్ గ్రూపులో వార్త వచ్చింది. సార్ పోయారు. నిద్రలోనే అట. కింద వరసగా దండాల బొమ్మలు, ఏడుపు బొమ్మలు. నేను ఫోన్ పక్కన పెట్టి, తొట్టిలోంచి గాజు జాడీలోకి నీళ్లు పట్టాను. ఎవరు పోయినా పొద్దుటి పరీక్ష ఆగకూడదు. అది నేర్పింది ఆయనే మరి.

సార్ అంటే సికింద్రాబాద్‌లో మాకు మురుగు నీళ్లు శుద్ధి చేసే పని నేర్పిన సార్. పెద్ద అపార్ట్‌మెంట్లలో బేస్‌మెంట్ మూలన ఎవరూ తొంగిచూడని తొట్లుంటాయి. ఇళ్లలోంచి వచ్చిన మురుగు అక్కడ తేటపడి మళ్లీ చెట్లకు పోతుంది. మిగిలిన బురద ఎండి నర్సరీలకు ఎరువవుతుంది. ఆ తొట్లు నడపడానికి పని తెలిసిన మనుషులు కావాలని చాలామందికి తోచకముందే ఆయనకు తోచింది. ఆదివారం వచ్చిందంటే స్కూటర్ మీద అల్వాల్ దాకా పోయి, కొత్తగా లేస్తున్న బిల్డింగుల ముందు నిలబడి అంతస్తులు లెక్కపెట్టేవారు. ఒక పాత డైరీలో రాసుకునేవారు, దీనికి ఇద్దరు, దానికి నలుగురు అని. "బిల్డింగ్ రెండేండ్లల్ల లేస్తది. మనిషి తయారు కావాలంటే ఇయ్యాల్నే షురూ చెయ్యాలె" అనేవారు. నేను శిక్షణలో చేరిన రోజున, ఇప్పుడు నేను పని చేస్తున్న బిల్డింగ్ ఉత్త గుంత. ఆ గుంతలో ఆయనకు నా ఉద్యోగం ఎట్లా కనబడిందో, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అంతకుముందు నేను ఏ.ఎస్. రావు నగర్‌లో ఓ అపార్ట్‌మెంట్‌లో మెట్లు తుడిచేదాన్ని. ఎనిమిదేళ్లు తుడిచాను. మోకాళ్లు అరిగాయి తప్ప ఒరిగింది ఏమీ లేదు. సర్టిఫికెట్ వస్తే ఆపరేటర్‌ని, రాకపోతే మళ్లీ చీపురు. అందుకే ఒక సంగతి దాచిపెట్టి చేరాను. అప్పటికి రెండేళ్ల కిందట వచ్చిన జ్వరంలో నా ముక్కుకు వాసన పోయింది. పొయ్యి మీద పప్పు మాడినా నాకు తెలియదు, మా ఆయన పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆర్పాల్సిందే. చూడబోతే ఈ పనిలో వాసనే సగం చదువు.

శిక్షణ కేంద్రం వెనకాల చిన్న ప్లాంట్ ఉండేది. రోజూ పొద్దున సార్ తొట్టి పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఎవరో ఒకరిని పిలిచి "ఏం వాసనొస్తుంది?" అని అడిగేవారు. బాగున్న తొట్టిది మట్టి వాసన. చెడిపోయిన తొట్టిది కుళ్లిన గుడ్డు వాసన. నేను పక్కవాళ్ల మొహాలు చూసి చెప్పి నెట్టుకొచ్చేదాన్ని. ఒకరోజు ముందుగా నన్నే పిలిచారు. పుస్తకంలో ఉన్నట్టు "మట్టి వాసన సార్" అన్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఒక్కరూ మిగలకుండా కొంగులు, రుమాళ్లు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉన్నారు. ముందు రోజే బ్లోయర్ ఆగిపోయి తొట్టి కుళ్లిపోయిందట. అందరూ పడీపడీ నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. సార్ మాత్రం నవ్వలేదు. తొట్టిని ఒకసారి, నన్నొకసారి చూసి క్లాసు కానిచ్చారు.

అందరూ వెళ్లాక సార్‌కు ఉన్నదంతా చెప్పేశాను. నన్ను తీసెయ్యొద్దని బతిమాలాను.

"తీసేసుడెందుకు? రేపటి సంది అర్ధగంట ముందుగాల రా" అన్నారు.

ఆ అర్ధగంటల్లో నేర్చుకున్నదే నాకు అన్నం పెడుతోంది. జాడీలో బురద ఎంతసేపటికి దిగుతుందో, నురగ ఏ రంగుకు తిరిగితే ఏం తక్కువైనట్టో, బుడగలు ఏ మూలన లేవడం లేదో చూపించారు. కళ్లు మూసుకుని బ్లోయర్ చప్పుడు వినమనేవారు. మూత తీసే ముందు దాని కన్నంలోంచి గ్యాస్ మీటర్ దించనిదే ఊరుకునేవారు కాదు. ఆ కుళ్లిన గుడ్డు గ్యాస్ ఎక్కువైతే ముందు ముక్కునే చంపేస్తుందట. వాసన లేదు కదా అని మనిషి దిగుతాడు, ఇక పైకి రాడు. "ముక్కును నమ్మినోడే ముందుగాల పడిపోతడు బిడ్డా" అనేవారు. జాడీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ముందు రోజు ఆ తొట్టిలో ఏం జరిగిందో చూసినట్టే చెప్పేవారు. ఏం కళ్లు అవి! దండం పెట్టాలనిపించేది.

పరీక్ష రోజు బయటినుంచి వచ్చిన ఆఫీసరు అడిగిన మొదటి ప్రశ్నే అది. ఏం వాసన వస్తోంది అని. సార్ వైపు చూస్తే, తనకేమీ పట్టనట్టు తొట్టిలోకి చూస్తున్నారు. అబద్ధం చెప్పి ఒకసారి పరువు పోగొట్టుకున్నది చాలనుకున్నాను.

"నాకు వాసన రాదు సార్. కానీ ఈ తొట్టి మంచిగ లేదు" అన్నాను.

ఆఫీసరు పెన్ను ఆగిపోయింది. జాడీలో దిగిన బురద ముద్దలుగా పైకి తేలుతోందని, ఎడమ మూలన బుడగలు లేవని, బ్లోయర్ బరువుగా మూలుగుతోందని, అటువైపు గాలి పైపు ఎక్కడో మూసుకుని ఉంటుందని చెప్పాను. వెళ్లి చూస్తే వాల్వ్ సగం మూసే ఉంది. పాసయ్యాను. బయటికొచ్చాక సార్ మెచ్చుకుంటారని ఆశగా చూస్తే "ఛాయ్ తాగుదాం పా" అన్నారు, అంతే.

మంగళవారం బన్సీలాల్‌పేట్‌లో వాళ్లింటికి వెళ్లాను. సార్ ఫొటో ముందు అగరొత్తులు గుత్తులుగా వెలుగుతున్నాయి. వాసన ఎక్కువై తలనొప్పి లేస్తోందా అని సార్ ఇల్లాలు అమ్మగారు అడిగారు. నాకు వాసన తెలియదమ్మా అన్నాను. ఆమె నన్ను తేరిపార చూశారు.

"ఆ పిల్లవు నువ్వేనా? మీ సార్‌కు సుత తెల్వది గదా. మా పెండ్లైన కొత్తల తొట్టిల దిగి పడిపోయిండు. పానం దక్కింది, ముక్కు పోయింది."

నాకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. అన్నేళ్లు, అన్ని బ్యాచ్‌లు, రోజూ పొద్దున ఏం వాసనొస్తుందని అడిగితే మమ్మల్ని పరీక్షిస్తున్నారనుకున్నాం. ఆయన నిజంగానే అడుగుతున్నారు.

తర్వాత కోపం వచ్చింది, దాచుకోను. ఒక్క మాట చెప్పి ఉంటే నేను పరీక్ష దాకా అంత భయంతో బతికేదాన్ని కాదు కదా. ఆ మాటే అమ్మగారితో అన్నాను. చెప్పమని తనూ పోరారట.

"చెప్తే ఊకుంటది, సార్‌కే రాదు నాకేందని. భయం ఉంటేనే కండ్లు పెట్టి చూస్తది అన్నడు" అని ఆమె కళ్లొత్తుకున్నారు.

నేనూ ఏడ్చాను. అంతటి మనిషి పక్కన రోజూ అర్ధగంట నిలబడ్డాను, నా అదృష్టం కాక మరేమిటి?

బుధవారం నా దగ్గరికి పని నేర్చుకోవడానికి ఒకాయన వచ్చాడు. సార్ చివరి బ్యాచ్ వాడు, నాకన్నా పదేళ్లు పెద్ద, మొన్నటిదాకా వాచ్‌మన్. మీటర్ దించాం. ఆగాం. మూత తీశాం. నా చేతులు వాటంతటవే వెనక్కి కట్టుకున్నాయి.

"ఏం వాసనొస్తుందన్నా?" అని అడిగాను.

ఆయన కళ్లు మూసుకుని నిండా గాలి పీల్చాడు.

"తొలి వాన పడ్డంక దుక్కిల వస్తది సూడమ్మా, గా వాసన" అన్నాడు.

నేను జాడీ వైపు చూశాను. బురద మెల్లగా అడుక్కు దిగుతోంది. పైన నీళ్లు తేటపడుతున్నాయి.