పసుపు పెట్టిన లోతు మిషను

మా దీవిలో గోల్ ఘర్ అనే పేటలో మా ఆఫీసు. యంత్రాలకూ కంప్యూటర్‌కూ మధ్య మాట అందించే ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, రాయడం నా పని. ఫెర్రీ దాటితే అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో చిన్నాన్నకు చేపల పడవ ఉంది. అడుగున నీళ్లెంత లోతున్నాయో చూపించే ఆయన మిషనులో కంప్యూటర్ ఉప్పుగాలికి చచ్చింది. అలాంటిది మళ్లీ దొరకలేదు. ఫోన్లలో ఉండే రకం చిప్‌తో చిన్న బోర్డు కొని, ఎవరో ఎప్పుడో రాసిన పాత డ్రైవర్‌నే దాని మీదికి ఎక్కించాను. ఒక్క తప్పూ చూపించకుండా ఎక్కేసింది. నాకు కాస్త గర్వమే వచ్చింది.

బాగుచేసిన మిషనుతో ఫెర్రీ దిగేసరికి జెట్టీ మీద చిన్నాన్న బయల్దేరడానికి తొందరపడుతున్నాడు. పిన్ని మాత్రం పసుపు, కుంకుమ పళ్లెంతో అడ్డంగా నిలబడింది. పడవలోకి కొత్త సామాను ఏదొచ్చినా నీళ్లు తగలకముందే బొట్టు పెట్టాలి. అది కూడా మిషను లైటు వెలుగుతుండగానే పెట్టాలని ఆమె పట్టుదల.

"ఉప్పు చంపింది చాలదా పిన్నీ, ఇప్పుడు పసుపు కూడా పోస్తావా?" అని విసుక్కున్నాను.

"రుకో అమ్మా, ఆగు. ముందు దాన్ని ఎలిగించు," అంది పిన్ని.

సణుగుతూనే స్విచ్ వేశాను. నీళ్లలోకి దించితే లోతు కొలిచే గుండు ఇంకా జెట్టీ సిమెంటు మీద పొడిగా పడి ఉంది. లోతు అందకపోతే పాత మిషను రెండు గీతలు చూపించేది. ఇది 255 మీటర్లు చూపించింది.

చిన్నాన్న వంగి చూసి నవ్వాడు. "ఏటే, సిమెంటు కింద ఇంత సముద్రముందేటి?"

నాకు నవ్వు రాలేదు. లోతు అందనప్పుడు ఆ గుండు మైనస్ ఒకటి పంపుతుంది. ఆ అంకెకు మైనస్ ఉండొచ్చని డ్రైవర్‌లో ఎక్కడా రాయలేదు. రాయకపోయినా పాత చిప్ మీద చెల్లిపోయింది. కొత్తదాని మీద అదే అంకె 255 అయి కూర్చుంది. పగడపు రాళ్ల మీద అలలు విరిగి నురగ లేచే చోట కూడా గుండుకు లోతు అందదు. సరిగ్గా అక్కడే ఇది బోలెడంత లోతుందని చెప్పేది. చిన్నాన్న నమ్మేవాడు, నేను చేసిచ్చానని.

"ఇవాళ వెళ్లొద్దు చిన్నాన్నా."

"అరే, చేప ఆగుద్దేటి?"

"నువ్వు ఆగు," అన్నాను గట్టిగా. ఆయన ఆగాడు.

అక్కడే లాప్‌టాప్ తెరిచి, ఆ అంకెకు మైనస్ కూడా ఉంటుందని చెప్పే ఒక్క పదం చేర్చాను. గీతలు వచ్చాయి. అప్పుడు పిన్ని బొట్టు పెట్టింది.

వానాకాలంలో ఒక సాయంత్రం చిన్నాన్న ఫోన్ చేశాడు. గొంతు మామూలుగా లేదు.

"వాన కొట్టేసి ముందర ఏటీ అగుపళ్లేదమ్మా. మిషన్లో గీతలొచ్చాయి. ఇంజిన్ ఆపీసి లంగరేసినాను. వాన తగ్గాక చూస్తే ఎదరే రాళ్లు." "మీ పిన్నికి చెప్పకే," అన్నాడు.

చెప్పలేదు. కానీ ఇప్పుడు ఆ మిషనులో చిన్న వైరు మార్చినా, గుండు నీళ్లలోకి దించకముందే స్విచ్ వేసి, గీతలు చూసుకుంటూ, పసుపు పళ్లెం తెమ్మని నేనే అడుగుతాను. "కంప్యూటర్ చదువులు చదివి ఇదేం భక్తే," అని పిన్ని నవ్వుతూ తెస్తుంది.