హెలెన్‌కు ఇచ్చిన రెండు నిమిషాలు

హెలెన్ రేపల్లె దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరు. పదిమందిలో నోరు విప్పే మనిషి కాదు. చర్చిలో సాక్ష్యం చెప్పమన్నా తల దించుకునేది. అలాంటిది, ఊరిచివర రొయ్యలకు ఐసు తయారుచేసే ఫ్యాక్టరీని పెంచడానికి ప్రజాభిప్రాయ సభ పెడుతున్నారని తెలిసి, తన పేరు తనే రాయించుకుంది. ఇంటికొచ్చాక భయం పట్టుకుంది.

కిందటి వేసవిలో ఆ ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకైంది. ఊపిరాడక ఏడుస్తున్న పిల్లల్ని పట్టుకుని ఆమె పొలాలకు అడ్డంపడి పరుగెత్తింది. తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

సాయంత్రం బావగారు బర్నబాస్ వచ్చాడు. ఆ ఫ్యాక్టరీలోనే వ్యాను డ్రైవరు.

"ఓనరుకి నీ పేరు తెలిసిపోయిందమ్మా. 'మీ మరదలంటగా' అన్నాడు. ఇంకేం అనలేదు. అదే నాకు భయంగా ఉంది."

"మానెయ్యమంటారా బావగారూ?"

ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

సభలో మాట్లాడ్డానికి ఒక్కొక్కరికి రెండు నిమిషాలే. ఆమె రాసింది నాలుగు పేజీలు. తెనాలిలో ఉన్న తండ్రి రాజారత్నానికి ఫోన్ చేసి చదివింది. ఆయన రిటైరైన టీచరు. వాచీ చూస్తూ విన్నాడు.

"టైమైపోయిందమ్మా. నువ్వింకా నమస్కారాల్లోనే ఉన్నావు."

"పెద్దవాళ్లు గదా నాన్నా, బాగోదేమోనని..."

"భయంతో దణ్ణాలు పెడుతున్నావు. అసలు మాట వచ్చేలోపు బెల్లు కొట్టేస్తారు. ఒక్క బిడ్డ సంగతి చెప్పు. ఒక్కటే అడుగు. కూర్చో."

పేపర్లో చూసి రాసిన కాలుష్యం లెక్కలు కొట్టేసింది. ఓనరును తిట్టిన వాక్యం మీద పెన్ను ఆగింది. చాలాసేపు చూసి అదీ కొట్టేసింది. అరపేజీ మిగిలింది. దాక్కోవడానికి చోటు లేనట్టనిపించి మరింత భయం వేసింది.

సభకు బాపట్ల నుంచి అధికారులొచ్చారు. ఓనరు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గుమ్మం దగ్గర బర్నబాస్. ఆమెకు ముందు మాట్లాడిన పెద్దాయన ఇంకా ఊరి చరిత్రలో ఉండగానే బెల్లు మోగింది, మైకు లాగేసుకున్నారు.

హెలెన్ మైకు ముందు నిలబడింది. చేతిలో కాగితం విప్పింది, మళ్లీ మడిచింది. ఎవరో నవ్వారు. ఓనరు కళ్లు తనమీదే ఉన్నాయని చూడకుండానే తెలుస్తోంది.

"గ్యాసు వచ్చినరోజు స్టెల్లా అనే పాప నా చంకలో ఉందండి. మూడేళ్లది. 'టీచర్, గాలి లేదు' అంది. ఎటు పరిగెత్తాలో నాకు తెలీలేదండి. ఎవరూ చెప్పలేదు, సైరన్ మోగలేదు. సైరన్ పెట్టి, ఊరందరి ముందు మోగించి చూపించేదాకా ఫ్యాక్టరీ పెంచడానికి ఒప్పుకోకండి. అంతేనండి."

బెల్లు మోగనేలేదు. పెద్ద అధికారి ఫ్యాక్టరీ మేనేజరు వైపు తిరిగాడు.

"సైరన్ ఉందా?"

"పెడతామండి."

"ఉందా అని అడిగాను."

"లేదండి."

ఆ మాట రికార్డులో రాయించాడు. ఫ్యాక్టరీ పెంచడం ఆగలేదు గానీ, ముందు సైరన్ పెట్టాలనే షరతు మీదే అనుమతి వచ్చింది. వర్షాలు పడేలోపు సైరన్ పెట్టి, ఊరంతా వినేలా మోగించారు.

బర్నబాస్‌ను వ్యాను నుంచి దించి ఐసు దిమ్మలు మోసే పనికి మార్చారు. హెలెన్‌కు వెనక నుంచి మోటారుసైకిల్ వస్తే చాలు, చాలాకాలం గుండె ఝల్లుమనేది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర బర్నబాస్ అన్నాడు. "నువ్వు మైకు పట్టుకోగానే బయటికి పోదామనుకున్నానమ్మా. నన్ను చూసి నువ్వు ఆగిపోతావేమోనని."

"మరి వెళ్లలేదేం?"

"పాప మాట చెప్పావుగా. వింటూ ఉండిపోయాను."