పొంగని చుక్క

అలర్జీకి మా ఇంట్లో వాడే మాట ‘పడదు’. ఒకరికి వంకాయ పడదు, ఇంకొకరికి చల్లగాలి పడదు, పెద్ద మామయ్యకీ చిన్న మామయ్యకీ పడదు. అందుకే అమెరికాలో, షాంటిలీలో ఉన్న మా ఇంటికి అమ్మా నాన్నా వచ్చిన తర్వాత, వసంతం మొదట్లో ఒక ఉదయం నా ఎర్రటి కళ్ళు చూసి అమ్మ వెంటనే అడిగింది.

“ఏం పడలేదురా?”

“చెట్లమ్మా.”

“చెట్లు పడకపోవడం ఏమిటి? అవేం చేశాయి నిన్ను?”

కిటికీలోంచి డ్రైవ్‌వేలో ఉన్న కారును చూపించాను. నల్ల కారు మీద సన్నని పసుపు పొడి పరుచుకుని ఉంది. అమ్మ చెప్పులేసుకుని వెళ్ళి బానెట్ మీద వేలితో గీత గీసి వచ్చింది.

“పెళ్ళికూతురికి పూసినట్టు పూసింది. మరి నేనూ ఇదే గాలి పీలుస్తున్నానుగా, నాకేం కాలేదే?”

నాకు పడనివి ఓక్, బర్చ్ చెట్ల పుప్పొళ్ళని నా అనుమానం. అనుమానమే. పరీక్ష ఎప్పుడూ చేయించుకోలేదు. అంతకుముందు ఏడాది వసంతమంతా మాత్రల మీదే గడిపాను. పొద్దున్నే ఒకటి వేసుకుంటే ముక్కు ఆగేది, దానితోపాటు బుర్ర కూడా ఆగేది. మీటింగ్‌లో మా టీమ్ లీడ్ నన్నేదో అడిగితే, అంతకుముందు అడిగినదానికి జవాబు చెప్పాను. అందరూ మర్యాదగా నవ్వారు. ఈసారి మాత్ర ముట్టనని అప్పుడే అనుకున్నాను. అమ్మ వస్తోంది, అమ్మ దగ్గర ఇంటి మందులున్నాయి.

నాన్న జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఏ ప్రయోగమైనా ఎలా చేయాలో నాకు నేర్పింది ఆయనే. పదో తరగతిలో లోలకం ప్రయోగం చేస్తూ నేను దారం పొడవూ గుండు బరువూ ఒకేసారి మార్చితే, ఆయన లోలకాన్ని చేత్తో ఆపి, “రెండూ ఒకేసారి మార్చావా, దేనివల్ల ఏం జరిగిందో నీకిక ఎప్పటికీ తెలియదు” అన్నారు. నేను ఈరోజు కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది. ఏదైనా చెడిపోతే ఒక్కటి మారుస్తాను, చూస్తాను, రాసుకుంటాను.

అలర్జీ విషయంలోనూ అదే పద్ధతి పెట్టుకున్నాను. మొదట మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం. దాంతో మధ్యాహ్నందాకా ఊపిరి ఆడేది, తుమ్ములు తగ్గలేదు. తర్వాత రాత్రి పడుకునే ముందు ముక్కులో నువ్వులనూనె చుక్కలు. ముక్కు లోపలి మంట తగ్గింది, తుమ్ములు అలాగే ఉన్నాయి. తర్వాత ఆవిరి. తల మీద దుప్పటి కప్పుకున్నంతసేపూ స్వర్గం, తీశాక మామూలే. నాన్న రోజూ భోజనాల దగ్గర రిపోర్టు అడిగేవారు. ఒకసారి మాత్రం, “ఒక మాత్ర వేసుకోరాదూ, కళ్ళు చూడలేకపోతున్నాం” అన్నారు. వేసుకుంటే ఇన్నాళ్ళు చేసిందంతా పాడవుతుందన్నాను.

చివరికి కషాయం. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు అమ్మ ఇంటి దగ్గరే దంచి సీసాలో తెచ్చుకుంది. తులసి, అతిమధురం ఇక్కడి ఇండియన్ స్టోర్‌లో కొన్నాం. నాలుగు గ్లాసుల నీళ్ళు ఒక గ్లాసయ్యేదాకా కాచి, వడగట్టి, గట్టు మీద పెట్టి వెళ్ళిపోయేది. వేడి వేడి కషాయంలో తేనె వేయకూడదన్నది ఆమె నియమం. తేనె వేడెక్కితే మందు కాదు, విషమంటుంది. కాబట్టి గ్లాసు చల్లారేదాకా ఆగాలి. ఆగి, తేనె కలిపి, మేడ మీద పని చేసుకుంటున్న నాకు తెచ్చివ్వడం నాన్న వంతు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు.

మొదటి వారం కషాయం ఏమీ చేయలేదు. అమ్మ ముఖం రోజురోజుకీ చిన్నబోయింది. “ఈ దేశపు తులసికి వాసనే లేదు,” అనేది. “ఈ నీళ్ళూ అంతే, ఏదో మందు వాసన.” నేను తుమ్మినప్పుడల్లా తనను ఎవరో తిట్టినట్టు చూసేది.

ఆ తర్వాత ఒక ఉదయం లేచి, పళ్ళు తోముకుని, కాఫీ తాగి, కారు దాకా నడిచి, అక్కడ ఆగిపోయాను. తుమ్మలేదు. కళ్ళు దురద పెట్టలేదు. మర్నాడూ అంతే. రాత్రి నిద్ర కూడా ఒళ్ళు తెలియకుండా పట్టేది. అది కూడా కషాయం ఖాతాలోనే వేశాను. అమ్మకి చెబితే నమ్మనట్టు నటించింది గానీ, ఆ రోజు ఊళ్ళో ఉన్న అక్కచెల్లెళ్ళందరికీ వరసగా ఫోన్లు వెళ్ళాయి. “మాత్ర లేదు, మన్ను లేదు. వట్టి మిరియాలూ శొంఠీ!”

మా వరసలో మూడో ఇంట్లో వరంగల్ నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉంటారు. వాళ్ళకి ఏడేళ్ళ కూతురు. వసంతం వస్తే ఆ పిల్లకి పిల్లికూతలు. రోజూ రెండు పూటలా ఇన్‌హేలర్ పంపు పీల్చాలి. సంగతి విని ఆవిడ వచ్చింది. “అన్నా, నీకు నిజంగనే తగ్గిందా? ఏమేం చేసినవో జర రాసి పంపవా?” నేను అంకెలు వేసి మరీ రాసి పంపాను. చివరి వాక్యం నాకు ఇప్పటికీ గుర్తు: కషాయం మొదలుపెట్టాక మాత్రల అవసరం రాలేదు. ఆ రోజు నుంచి అమ్మ రెండు గిన్నెలు కాచేది. పిల్ల గ్లాసు పట్టుకుని ముక్కు ముడిచేది. “అమ్మమ్మా, ఇట్ టేస్ట్స్ లైక్ డర్ట్.” ఆ మాటకి అర్థం చెబితే అమ్మ నవ్వి, “డర్టే మంచిది తల్లీ, తాగు” అనేది.

నాకు ఇంకొక్క మెట్టు మిగిలింది. నా ఒంటికి ఆ చెట్లు పడవని పరీక్షలో తేలి, అయినా ముక్కు నెమ్మదిగా ఉందంటే, అమ్మ కషాయం గెలిచినట్టే. అలర్జీ క్లినిక్‌లో ఎవరో రద్దు చేసుకోవడంతో మర్నాటికే అపాయింట్‌మెంట్ దొరికింది. నాన్న వద్దన్నారు.

“బాగానే ఉన్నావుగా. ఇప్పుడు ఒంటినిండా సూదులెందుకు?”

“మందులేవీ వేసుకోకుండా ఉంటేనే ఈ టెస్ట్ చేస్తారు నాన్నా. నేను వేసుకోవడం లేదుగా. ఇంతకంటే మంచి టైమ్ దొరకదు.”

ఆయన పేపరు మడిచి, మళ్ళీ విప్పారు.

నర్సు నా ముంచేతి మీద పెన్నుతో వరసలు గీసి, ఒక్కొక్క గుర్తు పక్కనా ఒక్కొక్క చుక్క వేసి, సూదిమొనతో గిల్లింది. ఓక్, బర్చ్, గడ్డి, పిల్లి, దుమ్ము. చివర రెండు చుక్కలు వేరు. ఒకటి వట్టి ఉప్పునీరు, అది ఎవరికీ పొంగకూడదు. రెండోది హిస్టమిన్, అంటే అలర్జీ వచ్చినప్పుడు మన ఒళ్ళే తయారుచేసుకునే పదార్థం. అది అందరికీ దోమ కుట్టినట్టు పొంగి తీరాలి. పరీక్ష సరిగా జరిగిందనడానికి అదే సాక్ష్యం. ఆ ఏర్పాటు నాకెంతో నచ్చింది. తనను తాను తనిఖీ చేసుకునే పరీక్ష.

కాసేపటికి ఆమె వచ్చి చూసింది. చెయ్యి చదునుగా ఉంది. ఓక్ లేదు, బర్చ్ లేదు. ఆఖరి చుక్క కూడా పొంగలేదు.

“ఈ చుక్క పొంగలేదంటే ఒంట్లో అలర్జీ మాత్ర ఉన్నట్టే. ఎప్పుడు వేసుకున్నారు?” అంది ఇంగ్లీషులో.

“వేసుకోలేదు. మూలికల కషాయం ఒక్కటే.”

ఆమె నన్ను అబద్ధాలాడే పేషెంట్‌ని చూసినట్టు చూడలేదు. అలాంటివాళ్ళు రోజూ వస్తారన్నట్టు చూసింది. మూలికలని అమ్మే పొడుల్లో కొందరు మాత్రలు కలుపుతారని, తాగేది ఆపేసి, వారం తర్వాత రమ్మని, ఆ పొడి కూడా తెమ్మని చెప్పింది.

దారి పొడవునా ఆ స్టోర్ వాడిని తిట్టుకుంటూ వచ్చాను. ఇంటికి రాగానే అతిమధురం ప్యాకెట్, తులసి ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టాను. తర్వాత అమ్మ తెచ్చుకున్న సీసా కూడా తెరిచి, ఒక చెంచా పొడి ప్లాస్టిక్ సంచిలో వేశాను.

“అదెందుకురా? అది నేను దంచిందే.”

“అన్నీ చూడాలి కదమ్మా. పిప్పళ్ళు నువ్వు కొన్నవే కదా, వాటిలో ఏం కలిసిందో.”

అమ్మ సంచికేసీ నాకేసీ చూసింది. సీసా మూత బిగించబోయి ఆగిపోయింది. సింకు దగ్గరికి వెళ్ళి, మొత్తం పొడిని చెత్తబుట్టలో వంపేసింది. సీసా అడుగున అంటుకున్నది కూడా వేలితో తీసి వేసింది. “ఇన్నాళ్ళూ నా చేత్తో నీకేం తాగించానో ఏమో,” అంది. ఘాటుకి నేను తుమ్మాను.

నాన్న అక్కడే ఉన్నారు. బల్లకి ఆ చివర కుర్చీలో కూర్చుని ఇదంతా చూశారు.

సాయంత్రం మూడో ఇంటావిడ ఖాళీ సీసా పట్టుకుని పిల్లతో వచ్చింది. పిల్ల వాకిట్లో బంతి తన్ని, నాలుగడుగులు పరుగెత్తి, మోకాళ్ళ మీద చేతులాన్చి దగ్గుతోంది. ఆ దగ్గులో చిన్న ఈల.

“ఆంటీ, ఈ రోజు జర ఎక్కువ పోయండి,” అంది ఆవిడ. “పంపు బంద్ చేసినం కదా. మొదట్ల గిట్లనే ఉంటది, పోను పోను తగ్గుతది అంటున్నడు మా ఆయన.”

“పంపు ఆపేశారా? ఎప్పుడు?” అన్నాను.

“నువ్వే రాసినవ్ కద అన్నా, మందుల అవసరం రాలేదని.”

నేను నోరు తెరిచేలోగా నాన్న లేచారు. “అమ్మా, పాపకి పంపు ఇప్పుడే ఇవ్వు. డాక్టర్‌కి ఫోన్ చేసి, ఆపామని చెప్పు. మావాడికి తగ్గింది కషాయంతో కాదు. వాడి తేనెలో నేను రోజూ అలర్జీ మాత్ర నలిపి కలిపాను.”

ఆవిడకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత ఎవరి మాటకీ ఆగలేదు. పిల్లను చంకనేసుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రికే పిల్ల కుదుటపడిందని మెసేజ్ పెట్టింది. అందులో అన్నా అన్న పిలుపు లేదు.

నాన్న మాట నా చెవుల్లో మెల్లగా సర్దుకుంది. రోజూ సాయంత్రం వంటింట్లోంచి చెంచా మీద చెంచా ఒత్తిన చప్పుడు వినిపించేది. నాకోసం ఆయన తేనె కలుపుతున్నారని, పనిలో ఉండి కూడా ఆ చప్పుడు కోసం ఓ చెవి అటు వేసి ఉంచేవాణ్ణి.

“ఎందుకు చేశారు?” అన్నాను.

“నువ్వు నీరసించిపోతున్నావు. తన మందు పనిచేయలేదని మీ అమ్మ తిండి మానేసింది. నీకు తగ్గాలి, అది తనవల్లే తగ్గిందని ఆమెకి అనిపించాలి. రెండూ అయ్యాయి కదా.”

“రెండు ఒకేసారి మార్చితే దేనివల్ల ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదని చెప్పింది మీరే కదా నాన్నా.”

“అది ల్యాబ్‌లోరా. ఇది ఇల్లు.”

“పొద్దున అమ్మ సీసా వంపేస్తుంటే కూడా ఇల్లే కదా. అప్పుడెందుకు చెప్పలేదు?”

నన్ను ఏడిపించిన చెట్లకి నా మీద పగేం లేదు. నా ఒంట్లో నాకు తెలియకుండా మందు పోసి, పైగా భోజనాల దగ్గర “ఇవాళ ఎలా ఉంది?” అని రిపోర్టు అడిగిన మనిషి ఈయన. అడిగి, నేను చెప్పింది విని, తలాడించిన మనిషి.

అమ్మ అంతసేపూ నిలబడే ఉంది. నా వైపు తిరిగింది.

“అయితే నాది ఏమీ చేయలేదా?”

“తెలియదమ్మా.”

“కొంచెమైనా?”

“తెలియదు. ఇక తెలిసే వీల్లేదు.”

నిజం అదే. క్లినిక్ చెప్పిన వారం గడిచేసరికి ఓక్ పూత రాలిపోతుంది. మళ్ళీ ఆ పొడి గాల్లోకి లేచేసరికి అమ్మా నాన్నా ఇక్కడ ఉండరు. కషాయం నిజంగా పనిచేసి ఉండవచ్చు, చేయకపోయి ఉండవచ్చు. పనిచేసిందని చెబితే అబద్ధం, చేయలేదని చెప్పినా అబద్ధమే. ఆమెకి ఓటమి కూడా సరిగా దక్కలేదు.

మర్నాడు నాన్న ఆమెకి కాఫీ కలిపి తెచ్చారు. అమ్మ గ్లాసులోకి చూసి, “ఇందులో ఏం కలిపారు?” అంది. ఆయన నవ్వబోయారు. ఆమె నవ్వలేదు. ఆ పూట కాఫీ అలాగే చల్లారిపోయింది.

వారం పాటు ఏమీ తీసుకోలేదు. తుమ్ములూ కన్నీళ్ళూ మునుపటికంటే గట్టిగా వచ్చాయి. రెండోసారి క్లినిక్‌కి నాన్న తానూ వస్తానన్నారు, నేను వద్దనలేదు. ఈసారి హిస్టమిన్ చుక్క ముందుగా పొంగింది. దాని వెనకే ఓక్, బర్చ్. చెయ్యంతా మండిపోతోంది, గోకకూడదు. నర్సు స్కేలుతో కొలుస్తుంటే నాన్న మెడ చాచి చూశారు, ఒకప్పుడు నా రికార్డు దిద్దినట్టే.

“ఇప్పుడు సరిగ్గా వచ్చింది,” అన్నారు.

నేను చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాను.

కారెక్కాక, ఇంటి నుంచి నింపుకొచ్చిన నీళ్ళ బాటిల్ మూత తీసి ఆయన నా చేతికిచ్చారు. గొంతు ఎండిపోయి ఉంది. తాగబోయి, ఎందుకో బాటిల్‌ని వెలుతురుకి ఎత్తి, అడుగు చూశాను.

దించేసరికి నాన్న ముఖం కిటికీ వైపు తిరిగి ఉంది.