లాల్ బీకి మూడో సూది

లాల్ బీకి సూదులంటే భయం లేదు. వాటి గురించి అంతా తెలిసినట్టు మాట్లాడే మనుషులంటేనే రోత.

ఆమెది మదనపల్లె. గాజుల మలారం ఎత్తుకొని జాతరలన్నీ తిరిగేది. డెబ్బై నాలుగు వేసవిలో కలరా భయం పుట్టింది. మదనపల్లెలో ఒక సూది పొడిచి చీటీ ఇచ్చారు. నెల తిరక్కుండానే పుంగనూరులో ఆ చీటీ చెల్లదని రెండోది పొడిచారు. భుజం వాచి రెండు రోజులు జ్వరం. చెయ్యి వణికితే గాజు చిట్లి ఆడపిల్లల మణికట్టులో దిగుతుంది. అలా ఒక్కసారి జరిగినా ఆమె వ్యాపారం అక్కడితో సరి.

అయినా రెండోదానికి నోరెత్తలేదు. మొగుడు బాబ్జాన్ సూది వేయించుకున్న ఏడాదే కలరాతో పోయాడు. ఇంకొకటి పడి ఉంటే బతికేవాడేమో అన్న అనుమానం ఆమెను ఆరేళ్లుగా తొలుస్తోంది.

కుప్పం దగ్గర ఒక పల్లె జాతరలోనే ఆమెకు ఏడాదంతటికీ పెద్ద బేరం. అక్కడ దారికి అడ్డంగా తాడు కట్టి, పాత చీటీలు చెల్లవు, మూడోది పడితేనే లోపలికన్నారు.

"దీంతో మేలుంటాదా అప్పా?" అని కుర్ర డాక్టరును అడిగింది.

"ఉండొచ్చు, ఉండకపోవచ్చు. గట్టిగా ఎవురికీ తెలీదమ్మా. ఎందుకైనా మంచిది, ఏయించుకో."

"జ్వరమొస్తే?"

"రెండు దినాలు పండుకో."

"జాతర ఉండేదే రెండు దినాలు కదప్పా!"

అయినా తెలీదని ఒప్పుకున్న మొదటి మనిషి అతనే. లాల్ బీ రవిక చెయ్యి పైకి లాగింది. అప్పుడే అతని వెనక తాగునీళ్ల తొట్టి కనిపించింది. అంచులకు పాచి. ఒకడు అందులోనే మాంసం గిన్నె ముంచి కడుగుతున్నాడు. ఆమె రవిక చెయ్యి మళ్లీ కిందికి లాక్కుంది.

"అందురికీ తెలిసింది ఆడ ఉండాది సూడు. ఆ తొట్టి యాల కడిగించలేదు?"

"అది నా పని కాదమ్మా."

"అయితే ఆ నీళ్లు ఒక లోటా తాగు. ఎన్ని సూదులైనా ఏయించుకుంటా."

డాక్టరు తొట్టి వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "జరుగమ్మా, ఎనక జనముండారు" అన్నాడు.

లాల్ బీ కాండ్రించి ఉమ్మి, మలారం ఎత్తుకొని వెనక్కి నడిచింది. ఏడాది బేరం పోయింది.

బస్సు కదిలేటప్పుడు చూస్తే, సూది వేయించుకున్న ఒక తల్లి చంటిబిడ్డకు ఆ తొట్టి నీళ్లే పడుతోంది. "తాపొద్దమ్మా!" అని లాల్ బీ కిటికీలోంచి గొంతు చించుకొని అరిచింది.

ఆ తల్లి ఏం పర్వాలేదన్నట్టు నవ్వి, తన భుజం మీది దూది చూపించింది.