మొక్కజొన్న చాళ్ళలో మా ఆయన

మా ఆయన చక్రపాణికి కంపెనీవాళ్ళు జీతమిచ్చేది చెవులకి. కారు సీటు కిర్రుమంటే ఆ కిర్రు ఏ బోల్టు దగ్గర పుట్టిందో కనిపెట్టే ఇంజనీరు. పద్నాలుగేళ్ళుగా అదే కంపెనీ, అదే ల్యాబు, ఫార్మింగ్టన్ హిల్స్‌లో అదే అద్దె అపార్ట్‌మెంటు. ఇంట్లో నా చేతిలోంచి గరిటె జారితే చాలు, ఉలిక్కిపడతాడు. నేనేమో నోరు మూస్తే కడుపు ఉబ్బే రకం. మా ఇద్దరికీ పదకొండేళ్ళ కాపురం.

గ్రీన్‌కార్డు లైనులో ఉన్నాం. ఎన్నేళ్ళు పడుతుందని మాత్రం అడగకండి, అది చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు. ఆయన వీసా కంపెనీ మీద, నా వీసా ఆయన మీద. "ఫైలు పెండింగ్‌లో ఉంది విద్యా, ఇప్పుడేం కదపొద్దు" అన్నది మా ఇంటి సుప్రభాతం. ఇల్లు కొందామన్నా అదే మాట. ఉద్యోగం టైటిల్ మారితే ఫైలుకి ఏమవుతుందోనని, వచ్చిన ప్రమోషన్ వద్దన్న మహానుభావుడు! లాయరు ఏం కాదనే చెప్పాడు. కానీ ఈయనకి లాయరు కంటే భయం మీద నమ్మకం ఎక్కువ. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటాడు. అడుసుకి భయపడి గుమ్మంలోనే పద్నాలుగేళ్ళు నిలబడ్డారు కదండీ అంటాను నేను.

అలాంటి మనిషి వేట మొదలుపెట్టాడంటే ముందు నేనే నమ్మలేదు. ఆఫీసులో రాజ్ అని ఇక్కడే పుట్టిన మనవాడున్నాడు. అతని అమెరికన్ మామగారికి గంట దూరంలో పొలం ఉంది. రాజ్ తుపాకీ కొనుక్కోమన్నాడు. ఆ మాటకే ఈయనకి చెమటలు పట్టాయి. "వీసా మీద ఉన్నాం, మనకి గన్ ఎందుకు రాజ్? రేపు ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పను?" అని విల్లు కొన్నాడు. క్లాసుకి వెళ్ళి, ఫారం నాలుగుసార్లు చదివి సంతకం పెట్టి, వేట లైసెన్సు తెచ్చుకున్నాడు.

విల్లుతో దూరం నుంచి కొట్టలేం. ఈయన లెక్క ఇరవై గజాలు. చెట్టు మీద కూర్చుంటే జింకే నీ దగ్గరికొస్తుందని రాజ్ చెప్పినా వినలేదు. పడుకున్న జింక దగ్గరికి తనే నడిచి వెళ్ళాలి! అక్టోబరు చివర, ఇంకా కోయని మొక్కజొన్న చేలో, గాలి బాగా ఉన్న రోజున. పగలు జింక చాళ్ళ మధ్య పడుకుని నెమరువేస్తుందట. ఎండుటాకులు గలగలమంటున్నంతసేపూ ఒక్కో చాలూ దాటుకుంటూ, తల మాత్రం పక్క చాల్లోకి పెట్టి అటూ ఇటూ చూడాలి. గాలి ఆగితే కాలు ఎక్కడుంటే అక్కడే. బూట్లు విప్పేసి సాక్సుల మీద నడవాలి. తీరా దగ్గరికి చేరాక, పడుకున్నదాని మీద బాణం వేయకూడదట. తగలాల్సిన చోట తగలక, గాయంతో పారిపోయి నరకం పడుతుందట. అది లేచి నిలబడేదాకా ఆగాలి. అరగంటో, మూడు గంటలో! ఇదంతా చెబుతున్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది, నాకు ఒళ్ళు మండేది. కుక్కిన పేనులా పడి ఉండటం నేర్చుకోవడానికి ఈయనకి మళ్ళీ ఒక చేను కావాలా? ఇంతా చేసి మూడు సీజన్లలో ఒక్క జింకనీ కొట్టలేదు.

ఈ అక్టోబరులో నాకు, కార్లో రెండు రోజుల దూరంలో ఉన్న ప్లేనోలో ఉద్యోగం వచ్చింది. నీళ్ళు పరీక్షించే ల్యాబులో సూపర్‌వైజరు. హైదరాబాదులో మైక్రోబయాలజీ చదివి, ఇక్కడ ఏడేళ్ళు ఇంట్లో కూర్చుని, వర్క్ పర్మిట్ వచ్చాక నాలుగేళ్ళుగా సీసాలకి లేబుళ్ళు అంటిస్తున్నదాన్ని. అక్కడి మేనేజరు శుక్రవారం పదకొండింటికి ఫోన్ చేస్తానంది. అప్పుడు అవునో కాదో చెప్పాలి. చెప్పకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ సంగతి సోమవారమే ఈయనకి చెప్పాను. "చూద్దాం" అన్నాడు. బుధవారం అడిగినా "చూద్దాం". గురువారం పెరుగన్నం కలుపుకుంటూ "చూద్దాంలే విద్యా" అన్నాడు. శుక్రవారం నేను లేచేసరికి విల్లుతో సహా మాయం. సెలవు పెట్టాడట! ఫోన్ ఎత్తడు, కార్లోనే వదిలేసి వెళ్తాడు.

ఇవాళ తాడోపేడో తేలిపోవాలనుకుని, మా అమ్మాయి నిధిని స్కూల్లో దింపి అటునుంచటే ఆ పొలానికి బయల్దేరాను.

నేను చేరేసరికి పదిన్నర. పొలం పక్కన ఆయన కారు, చేను అంచున పద్ధతిగా పెట్టిన బూట్లు. గాలి హోరుమంటోంది. అనవలసినవన్నీ నోట్లో సిద్ధం చేసుకుంటూ ఒక చాలు పట్టుకుని నడిచాను. కొంత దూరం పోయాక ఆయన వీపు కనిపించింది. ఒక మోకాలు నేలకి ఆనించి, విల్లు పట్టుకుని కూర్చున్నాడు. ఆ హోరులో నా అలికిడి ఎలా విన్నాడో, మెల్లగా చెయ్యి వెనక్కి పెట్టి అరచెయ్యి చూపించాడు. ఆగమని. ఆయనకి అవతల, ఇరవై గజాల దూరం కూడా లేదు, ఎండుటాకుల మధ్య రెండు చెవులు ఆడాయి.

అప్పుడే గాలి ఆగిపోయింది.

ఒక కాలు ముందు, ఒక కాలు వెనక, అలాగే బిగుసుకుపోయాను. ఆకు అంచు చెంప మీద గీసుకుని మంట పుడుతోంది, తుడుచుకునే దారి లేదు. వెనక్కి పోదామన్నా అడుగు వేస్తే చప్పుడే. గట్టిగా అరవాలనిపించింది. కానీ మూడేళ్ళుగా ఈ మనిషి కోరుకున్నది అదొక్కటే, అదేమో ఎదురుగా ఉంది. టోపీ కింద ఆయన జుట్టు ఎంత నెరిసిందో అప్పుడు చూశాను. జాలేసింది. జాలిపడినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. పది నలభై ఐదయింది, పది యాభై అయిదయింది. ఆ మహాతల్లి మాత్రం తీరిగ్గా నెమరువేస్తూనే ఉంది.

పదకొండింటికి నా చేతిలో ఫోన్ వణికింది. ప్లేనో నంబరు. మోగకుండా పెట్టాను గానీ, ఆ కాస్త గరగర చాలు ఈయన చెవులకి. తల ఒక్కటే తిప్పి నన్ను చూశాడు. వద్దని కళ్ళతోనే బతిమాలాడు. అవతల జింక నడుము ఎత్తుతోంది. నిజంగానే లేస్తోంది! ఇంకొక్క నిమిషం ఆగితే ఆయనకి జింక దక్కుతుంది, నాకు ఫోన్ ఆగిపోతుంది. మూడోసారి వణికింది. నాలుగోసారి.

"హలో! శ్రీవిద్యని మాట్లాడుతున్నాను," అన్నాను ఇంగ్లీషులో, చేనంతా వినపడేలా. "అవును, వస్తున్నాను. జనవరిలో జాయినవుతాను."

తెల్లటి తోక ఒక్కసారి పైకి లేచింది. కర్రలు విరుగుతున్న చప్పుడు చేను అవతలికంటా పోయింది. ఫోన్లో ఆవిడ సంతోషంగా ఏదో చెబుతోంది. థాంక్స్ చెప్పి పెట్టేశాను.

ఆయన తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను. బాణాన్ని జాగ్రత్తగా తీసి దాని చోట పెట్టాడు. లేవలేదు.

"ఎప్పుడు వెళ్ళాలి?" అన్నాడు గుసగుసగా.

"గట్టిగా మాట్లాడండి. అది ఎప్పుడో పోయింది. ఇక్కడ మనిద్దరమే ఉన్నాం."

ఇంకోసారి ప్రయత్నించాడు, మళ్ళీ గుసగుసే వచ్చింది.

"నన్ను కూడా తీసుకెళ్తావా విద్యా?"

"ముందు లేవండి," అని చెయ్యి అందించాను. లేవబోయి, కాళ్ళు తిమ్మిరెక్కి మళ్ళీ కూలబడ్డాడు. నేనూ ఆయన పక్కనే మట్టిలో కూర్చుని ఏడ్చాను.