మామూలే అనే గడి

పొద్దున ఆరింటికల్లా మందు డబ్బా, రాతపుస్తకం పట్టుకుని ఆయన మంచం పక్కన కూర్చునేదాన్ని. ఇప్పుడూ ఆరింటికే మెలకువ వస్తుంది. చెయ్యడానికి పనే ఉండదు.

మా ఆయన ముప్పయ్యేళ్ళు ఇనుప ముక్కలు చెక్కే లేతు మిషను మీద పనిచేశారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ ముక్కను పక్కన పడేసే మనిషి, తన ఒంటి సంగతి మాత్రం ఒక్క మాటలో తేల్చేసేవారు. ఆసుపత్రివాళ్ళు గుండెజబ్బుకి కొత్త మందు మీద పరిశోధన చేస్తుంటే పేరిచ్చారు. రోజూ ఒంట్లో ఎలా ఉందో రాయమని వాళ్ళే ఆ పుస్తకం ఇచ్చారు.

"ఎలా ఉందండీ?"

"మామూలే. రాసేయ్."

"లేవగానే గోడ పట్టుకున్నారుగా?"

"నిన్నా పట్టుకున్నాను, మొన్నా పట్టుకున్నాను. మామూలేగా మరి! డాక్టరమ్మలా ఎదురు ప్రశ్నలొకటి."

నాది ఐదో తరగతి చదువే అయినా రాత గుండ్రంగా ఉంటుంది. తొంభై రోజులూ గుండ్రంగా 'మామూలే' అని రాశాను. తొంభై ఒకటో రోజు స్నానాల గదిలో పడిపోయారు. మళ్ళీ లేవలేదు. మందు వల్లనో, జబ్బు వల్లనో ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు.

పుస్తకం తీసుకెళ్ళడానికి వచ్చిన నర్సు పేజీలు తిప్పి, "తొంభై రోజులూ ఏ ఇబ్బందీ లేదన్నమాట" అంది.

"లేదని ఎవరన్నారమ్మా? మామూలే అన్నారు. రోజూ కళ్ళు తిరిగేవి."

ఆ అమ్మాయి నా మాట ఉన్నదున్నట్టు పుస్తకం చివర రాసుకుని వెళ్ళింది.

తర్వాత పెద్ద డాక్టరుగారు కబురు పెట్టారు. రాబోయే పరిశోధనకి రోగుల్నీ, ఇంట్లోవాళ్ళనీ కూడా కూర్చోబెట్టుకుని ఆలోచిస్తామనీ, నన్నూ రమ్మనీ. మూడోసారి వెళ్ళినప్పుడు, అచ్చుకి పోబోయే కాగితం తలా ఒకటి చేతిలో పెట్టారు. 'ఈరోజు ఎలా ఉన్నారు?' దాని కింద మొదటి గడిలోనే ఉంది: మామూలే. మూడు వందల ఇళ్ళకి వెళ్ళే కాగితం అది.

"ఈ మాట తీసెయ్యండి" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ అన్నాను.

పరిశోధన లెక్కలు చూసే ఆయన గడియారం వంక చూశారు. "అందరికీ తెలిసిన మాటేగా అమ్మా! నాలుగింటికి అచ్చుకివ్వాలి. ఒక్క మాట కోసం ఆపమంటారా?"

డాక్టరుగారు నా వంకే చూస్తున్నారు. పక్క కుర్చీలో గుండెజబ్బుతోనే బాధపడుతున్న బస్సు డ్రైవరు ఉన్నారు. ఆయన వైపు తిరిగాను.

"అన్నయ్యగారూ, ఇవాళ ఒంట్లో ఎలా ఉంది?"

"మామూలేనమ్మా."

"మామూలే అంటే?"

"అంటే ఏముంది, నాలుగు మెట్లెక్కేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. కాసేపు నిలబడ్డాను. నా డొక్కు బస్సు కూడా ఎత్తు రాగానే అలాగే ఆగేదిలే!"

ఆయనొక్కరే నవ్వారు. లెక్కలాయన కాగితం బల్ల మీద పెట్టేశారు.

"మరైతే ఏమని అడగాలో మీరే చెప్పండి" అన్నారు డాక్టరుగారు. "నాలుగులోపు రాసి తేగలరా?"

ఇంటికొచ్చి చెప్పులు విడవగానే రాయడానికి కూర్చున్నాను. మంచం దిగాక నిలదొక్కుకోవడానికి ఆగాల్సి వచ్చిందా? నిన్నటికన్నా ఎక్కువసేపా? కొట్టేశాను, మళ్ళీ రాశాను. పొద్దున దుప్పట్లు ఆరేసిన డాబా మీద చినుకులు మొదలయ్యాయి.

"దుప్పట్లన్నీ తడిసిపోతున్నాయే అమ్మాయ్!" పక్కింటి పిన్నిగారి కేక.

"తడవనివ్వండి పిన్నీ" అని, మూడో ప్రశ్న మొదలుపెట్టాను.