ఛాయ చుట్టిన హోస్ పైపు

సింహాద్రి ఇంట్లో ఉన్నాడో లేడో తెలుసుకోవడానికి క్యాంప్ 2 కాలనీలో ఎవరూ తలుపు తట్టనక్కర్లేదు. ఆయన భార్యను టీ అడిగితే వీధి చివర కొట్టుదాకా వినబడుతుంది. ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగం. పంపు మోతలో అరిచి అరిచి గొంతు అలా స్థిరపడిపోయింది గాని, మనిషి మాత్రం వెన్న.

అలాంటివాడికి ఓ చిక్కొచ్చిపడింది. ఆటిజం ఉన్నవాళ్లను ప్రమాదంలోంచి ఎలా బయటికి తేవాలో నేర్పడానికి స్టేషన్‌లో శిక్షణ పెట్టారు. దానికి, దగ్గర్లోని కోహ్కా పేటలో బట్టలు కుట్టే కనకలత, ఆటిజం ఉన్న తన కూతురు ఛాయను తీసుకొచ్చింది. ఇరవై దాటిన పిల్ల. సింహాద్రి ఆప్యాయంగానే "ఏటమ్మా, బాగున్నావా" అన్నాడు. అంతే, ఛాయ చెవులు మూసుకుని బల్ల కింద దూరింది.

"కేకేసినా, చెయ్యి పట్టుకున్నా బెదిరిపోద్దన్నయ్యా" అంది కనకలత. "నేను లేనప్పుడు ఇల్లంటుకుంటే దీన్నెవరు బయటికి తెస్తారు? నాకెప్పుడూ అదే బెంగ."

ఆ మాట సింహాద్రికి గుచ్చుకుంది. తనను చూసి ఓ ఆడపిల్ల దాక్కోవడమేమిటని సిగ్గు కూడా వేసింది. నోరు మూసుకుని మూలకు పోయి, ఆరిన హోస్ పైపు చుట్టసాగాడు. కాసేపటికి ఛాయ బల్ల కింది నుంచి వచ్చి చూసింది. "వంకర" అంది. ఆయన చుట్టిందంతా విప్పేసి, అంచుకు అంచు కలిపి తనే చుట్టింది. శిక్షణ సాగినన్నాళ్లూ ఆమెకు అదే పని.

సింహాద్రి ఇంట్లో కూడా మెల్లగా మాట్లాడటం సాధన చేశాడు. "ఒంట్లో బాలేదేటి?" అని వరలక్ష్మమ్మ మొగుడి నుదురు పట్టి చూసింది.

వానాకాలంలో ఓ మధ్యాహ్నం కోహ్కా నుంచి ఫోనొచ్చింది. కనకలత పక్కింటికి వెళ్లినప్పుడు పొయ్యి మీద నూనె మూకుడు అంటుకుంది. బండి వీధిలోకి తిరగగానే సింహాద్రి సైరన్ ఆపించాడు. ఇరుగుపొరుగు మూత పెట్టి మంట ఆర్పారు గాని, పొగ వెనక గదిలోకి పాకుతోంది. ఛాయ అక్కడే, మంచం కింద ఉంది. గుమ్మంలో కనకలత ఏడుస్తోంది.

"ఎత్తుకొచ్చేద్దామా భయ్యా?" అన్నాడు తోటి ఫైర్‌మన్ విజయ్.

"ముట్టుకుంటే ఇంకా లోపలికి పోద్ది. నువ్వెళ్లి కిటికీ తియ్యి. పొడి పైపొకటి ఇలా ఇయ్యి" అన్నాడు సింహాద్రి గుసగుసగా.

పొగ ఇంకా పైనే ఉంది. ఆయన మాస్క్ తీసి, ముఖం కనబడేలా నేల మీద కూర్చున్నాడు. పైపు కొసను మంచం కిందికి జరిపి, మిగతాది విజయ్ చేత అడ్డదిడ్డంగా గుమ్మం దాకా పరిపించాడు. "ఛాయా, రావే తల్లీ" అన్న కేక గొంతుదాకా వచ్చింది. మింగేశాడు.

పైపు కదిలింది. ముందు వేళ్లు కనబడ్డాయి, తర్వాత తల. దగ్గుతూనే, అంచుకు అంచు కలిపి చుట్టుకుంటూ, ఛాయ గది దాటింది, గుమ్మం దాటింది, వానలో బండి దాకా వచ్చింది. కనకలత కూతుర్ని ముట్టుకోకుండా ఆ పక్కనే కూలబడిపోయింది.

ఛాయ పైపు చుట్టను సింహాద్రి చేతికిచ్చి, బండిలోని మిగతా పైపుల వంక చూసింది. "వంకర" అంటూ ఒకటి లాగి విప్పడం మొదలుపెట్టింది.

అంతలో ఎప్పుడొస్తారని స్టేషన్ నుంచి వైర్‌లెస్‌లో అడిగారు. సింహాద్రి కళ్లు తుడుచుకున్నాడు.

"పనైపోనాది సాబ్. పైపులు చుట్టడం ఉంది, కొంచెం ఆలస్యం అవుద్ది."

"ఎవరు మాట్లాడేది? గొంతు తెలియడం లేదు."

"సింహాద్రిని సాబ్" అన్నాడు ఆయన, ఛాయ వైపు చూస్తూ, ఇంకా మెల్లగా.